ప్రతి ముక్కకూ సొంత చిరునామా

ఔట్‌లుక్ వాడే ఆఫీసుల్లో ఏళ్ల తరబడి వచ్చిన మెయిళ్లన్నీ చాలాచోట్ల ఒకే ఒక్క ఫైలులో ఉంటాయి. దాన్ని పీఎస్టీ ఫైలు అంటారు. టెండర్లు, బిల్లులు, ఒప్పందాలు, పై అధికారి ఇచ్చిన అనుమతులు, ఎప్పుడో రిటైరైన ఉద్యోగి రాసిపెట్టిన వివరణలు అన్నీ అందులోనే. కంప్యూటర్లో ఔట్‌లుక్ కొత్త వెర్షన్ వేసిన మర్నాడు ఆ ఫైలు తెరుచుకోకపోతే గుండె జారిపోతుంది. ‘ఫైలు కరప్ట్ అయింది’ అనగానే మొత్తం పోయిందనే అనుకుంటాం. చాలాసార్లు మొత్తం పోదు. ఎందుకు పోదో తెలియాలంటే ఆ ఫైలును లోపల ఎలా కట్టారో చూడాలి.

చూసినకొద్దీ ఒక సంగతి తేటపడుతుంది. ఇది ఎప్పుడో ఒకనాడు దెబ్బతింటుందని ముందే ఊహించుకుని దీన్ని కట్టారు. అందుకే ఫైలులోని దాదాపు ప్రతి ముక్కా తానెవరో, తన చోటు ఏదో, తన లోపలి సరుకు సరిగా ఉందో లేదో తానే చెప్పుకోగలదు. రిపేరు చేసే పనిముట్ల బలమంతా ఈ ఒక్క గుణం మీదే నిలబడింది.

పీఎస్టీలో మూడు పొరలున్నాయి. పైది మెసేజింగ్ పొర. మనం తెర మీద చూసే ఫోల్డర్లు, మెయిళ్లు, అటాచ్‌మెంట్లు ఇక్కడివి. దాని కింద పట్టికల, లక్షణాల పొర ఉంటుంది. ఒక మెయిల్‌కు విషయం ఏమిటి, పంపినవారెవరు, ఎప్పుడు వచ్చింది అన్నవి ఇక్కడ ఒక్కో లక్షణంగా, ఒక్కో సంఖ్య కింద నమోదవుతాయి. అన్నిటికంటే అడుగున ఉన్నది నోడ్ డేటాబేస్. ఏ బైట్లు ఫైలులో ఏ చోట ఉన్నాయో చూసుకోవడం దీని పని. ఈ అడుగు పొర చెక్కుచెదరకుండా ఉంటేనే పైన మెయిల్ కనిపిస్తుంది. అసలు పనితనం కూడా ఇక్కడే ఉంది.

ఫైలు మొదట్లో హెడర్ ఉంటుంది. దాని మొదటి నాలుగు బైట్లు ఆశ్చర్యార్థకం, బి, డి, ఎన్. వెనక నుంచి చదివితే నోడ్ డేటాబేస్ పొడి అక్షరాలు వస్తాయి. తరవాత వెర్షన్ సంఖ్య. అది 14 లేదా 15 అయితే పాత తరహా ఫైలు, 23 అయితే కొత్త తరహా. ఆ పైన ఫైలు ఎక్కడ ముగుస్తుందో, లోపలి రెండు సూచికల మొదటి పేజీలు ఎక్కడున్నాయో రాసి ఉంటుంది. హెడర్‌లో ఒక్క మెయిల్ కూడా ఉండదు, కానీ దారి మొదలయ్యేది అక్కడే. అందుకే దాని కాపలా కాస్త గట్టిది. కొత్త తరహా ఫైళ్లలో హెడర్‌కు రెండు సరిచూపు సంఖ్యలుంటాయి. ఒకటి 471 బైట్లకు, రెండోది 516 బైట్లకు లెక్కకట్టినది. సీఆర్‌సీ అని పిలిచే ఈ సంఖ్యను బైట్ల నుంచే గణిస్తారు. ఆ బైట్లలో ఒక్క బిట్ మారినా మళ్లీ లెక్కవేసినప్పుడు సంఖ్య కలవదు.

మెయిళ్ల సరుకు ఉండేది బ్లాకుల్లో. ఇక్కడి నుంచి చెప్పే కొలతలు కొత్త తరహా ఫైళ్లవి. ఒక బ్లాకు పరిమాణం అత్యధికంగా 8,192 బైట్లు. అందులో 8,176 బైట్లు సరుకుకు, చివరి 16 బైట్లు ట్రైలర్‌కు. చిన్న మెయిల్ ఒకటి రెండు బ్లాకుల్లో సర్దుకుంటుంది. పెద్ద అటాచ్‌మెంట్ అయితే దాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కల గుర్తింపు సంఖ్యలను వరసగా ఇంకో బ్లాకులో రాస్తారు. అలాంటి జాబితా బ్లాకులో 1,021 సంఖ్యలు పడతాయి కాబట్టి ఒక జాబితాతో దాదాపు 8 ఎంబీ దాకా నడుస్తుంది. అంతకు మించితే జాబితాలకే ఒక జాబితా. ఎన్ని మెగాబైట్ల వీడియో అయినా, రెండు వాక్యాల సెలవు చీటీ అయినా వెళ్లేది అదే తరహా బ్లాకుల్లోకే.

ఆ 16 బైట్ల ట్రైలర్‌ను దగ్గరగా చూద్దాం. మొదటి రెండు బైట్లు బ్లాకులో ఎంత సరుకుందో చెబుతాయి. తరవాతి రెండు బైట్లు ఒక ముద్ర. ఆ తరవాతి నాలుగు సీఆర్‌సీ. చివరి ఎనిమిది బ్లాకు గుర్తింపు సంఖ్య. సరుకు చెడిందో లేదో సీఆర్‌సీ చెబుతుంది కదా, మరి మధ్యలో ఈ ముద్ర దేనికి? దాన్ని తయారుచేసే తీరులోనే జవాబు ఉంది. బ్లాకు ఫైలులో ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో ఆ సంఖ్యనూ, బ్లాకు గుర్తింపు సంఖ్యనూ పక్కపక్కన పెట్టి బిట్‌కు బిట్ కలుపుతారు. వచ్చిన ఫలితాన్ని మడిచి రెండు బైట్లకు కుదిస్తారు. అంటే ముద్రలో బ్లాకు పేరూ, చోటూ రెండూ కలిసిపోయి ఉంటాయి.

ఇప్పుడు డిస్కు ఒక పొరపాటు చేసిందనుకుందాం. బ్లాకును అక్షరం పొల్లుపోకుండా రాసింది, కానీ రాయాల్సిన చోట కాకుండా వేరే చోట రాసింది. సీఆర్‌సీ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే సరుకు నిక్షేపంగా ఉంది. ముద్ర పట్టుకుంటుంది. ఉన్న చోటును బట్టి లెక్కవేసిన ముద్రకూ, ట్రైలర్‌లో ఉన్న ముద్రకూ పొంతన కుదరదు. చెడిన సరుకుకు ఒక కాపలా, చోటు తప్పిన సరుకుకు ఇంకో కాపలా. రెండు బైట్లతో ఇంత పని చేయించుకోవడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

సూచికల పేజీలు 512 బైట్లవి. వాటికీ 16 బైట్ల ట్రైలరే. అందులో ఆ పేజీ ఏ రకానిదో చెప్పే బైటును వెంటవెంటనే రెండుసార్లు రాస్తారు. రెండూ ఒకేలా లేకపోతే అది నమ్మదగిన పేజీ కాదని ట్రైలర్ మొదటి రెండు బైట్లు చదవగానే తేలిపోతుంది.

సూచికలు రెండు. మొదటిది నోడ్ల సూచిక. నోడ్ అంటే ఒక ఫోల్డర్ కావచ్చు, ఒక మెయిల్ కావచ్చు, ఒక పట్టిక కావచ్చు. ఆ నోడ్ సరుకు ఏ సంఖ్య బ్లాకులో ఉందో ఇది చెబుతుంది. రెండోది బ్లాకుల సూచిక. ఆ సంఖ్య గల బ్లాకు ఫైలులో ఏ చోట ఉందో, ఎంత పెద్దదో, ఎన్నిచోట్ల నుంచి వాడుకలో ఉందో ఇది చెబుతుంది. రెండు పనులకూ ఒకే సూచిక పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. అలా పెడితే బ్లాకు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారిన ప్రతిసారీ దాన్ని పేర్కొన్న ప్రతి నోడ్‌నూ, ప్రతి జాబితానూ దిద్దాలి. రెండుగా విడదీయడం వల్ల నోడ్లకు బ్లాకు పేరు తెలిస్తే చాలు. చోటు మారినప్పుడు బ్లాకుల సూచికలో ఒక్క పద్దు మారుతుంది.

రెండు సూచికలూ బీ-ట్రీ పద్ధతిలో మెట్లుమెట్లుగా ఉంటాయి. బ్లాకుల సూచిక పేజీలో 20 పద్దులు పడతాయి. పై పేజీలోని పద్దు కింది పేజీకి దారి చూపుతుంది. పేజీలు నిండుగా ఉంటే ఐదు మెట్లతో 32 లక్షల బ్లాకుల దాకా లెక్క అందుతుంది. ఇన్ని లక్షల్లో కావలసిన బ్లాకు చిరునామా దొరకడానికి ఐదు చిన్న పేజీలు చదివితే సరిపోతుంది.

నోడ్ల సూచికలోని ప్రతి పద్దులో ఇంకో గడి కూడా ఉంది. ఆ నోడ్ ఏ ఫోల్డర్ కిందిదో చెప్పే సంఖ్య అందులో ఉంటుంది. ఏ మెయిల్ ఏ ఫోల్డర్‌లోదో పైపొరలోని పట్టికల్లో ఎలాగూ ఉంది. అదే సంగతిని అడుగు పొరలో మరోసారి రాసిపెట్టారు. పైన పట్టిక చెడిపోయినా కింద బంధుత్వం మిగిలే ఉంటుంది. నోడ్ సంఖ్యల్లోనూ ఇలాంటి ముందుచూపే కనిపిస్తుంది. సంఖ్యలోని చివరి ఐదు బిట్లు రకాన్ని చెబుతాయి. ఫోల్డర్‌కు 2, దాని ఉప ఫోల్డర్ల పట్టికకు 13, దానిలోని మెయిళ్ల పట్టికకు 14. మిగతా బిట్లు మూడిటికీ ఒకటే. ఫోల్డర్ సంఖ్య తెలిసిందంటే దాని పట్టికల సంఖ్యలు ఎక్కడా వెతక్కుండానే తెలిసిపోతాయి.

ఫైలులో ఏ చోటు ఖాళీగా ఉందో చెప్పే పేజీలు ఇంకో రకం. ఇవి కేటాయింపు మ్యాపులు. ఒక మ్యాపులో 496 బైట్లు, అంటే 3,968 బిట్లు. ఒక్కో బిట్ 64 బైట్ల చోటుకు కాపలా. వాడుకలో ఉంటే 1, ఖాళీగా ఉంటే 0. అలా ఒక మ్యాపు 2,53,952 బైట్ల మేర చూసుకుంటుంది. మొదటి మ్యాపు 17,408వ బైటు దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి ప్రతి 2,53,952 బైట్లకూ ఒకటి. వీటి చిరునామాలు ఎక్కడా రాసుకోనక్కర్లేదు, కూడిక వస్తే చాలు. హెడర్ మొత్తం చెరిగిపోయిన ఫైలులో కూడా ఈ పేజీలు ఎక్కడుండాలో లెక్కకట్టి చెప్పవచ్చు. పైగా ప్రతి మ్యాపు ట్రైలర్‌లోనూ గుర్తింపు సంఖ్యగా ఉండేది అది ఉన్న చోటే.

ఇన్ని భాగాలూ కలిసి పనిచేసే తీరు ఒక కొత్త మెయిల్ వచ్చినప్పుడు బాగా కనిపిస్తుంది. ముందుగా హెడర్‌లోని ఒక బైటును మార్చి, ‘మ్యాపులు ప్రస్తుతం నమ్మదగినవి కావు’ అని గుర్తు పెడతారు. మెయిల్ సరుకును ఖాళీ చోట కొత్త బ్లాకుల్లో రాస్తారు. సూచికల్లో మారాల్సిన పేజీలను ఉన్నచోటే దిద్దకుండా వేరే చోట కొత్తగా రాస్తారు. కింది పేజీ చోటు మారింది కాబట్టి దాన్ని చూపే పై పేజీనీ కొత్తగా రాయాలి. అలా పైదాకా వెళ్తారు. అంతా డిస్కు మీదకు చేరాక, అన్నిటికంటే చివర, హెడర్‌లో కొత్త మొదటి పేజీల చిరునామాలు రాసి, మ్యాపుల గుర్తును సరిచేస్తారు.

ఈ వరసలో హెడర్‌లో కొత్త చిరునామాలు రాయడానికి ముందు ఎక్కడ కరెంటు పోయినా ఏమవుతుంది? పాత హెడర్ పాత సూచికలనే చూపుతోంది. పాత సూచికలు చెక్కుచెదరలేదు, ఎందుకంటే వాటి మీద ఎవరూ రాయలేదు. సగంలో ఆగిన ఆ ఒక్క మెయిల్ తప్ప మిగతా ఫైలంతా అలాగే ఉంటుంది. మ్యాపుల చోటు మాత్రం స్థిరం కాబట్టి వాటిని ఉన్నచోటే దిద్దక తప్పదు. అందుకే వాటికి ఆ ప్రత్యేకమైన గుర్తు. మళ్లీ తెరిచినప్పుడు గుర్తు చెడ్డగా ఉంటే, రెండు సూచికలనూ మొదటి నుంచి చివరిదాకా నడిచి, వాటిలో కనిపించిన ప్రతి చోటునూ 1గా, మిగతావన్నీ 0గా కొత్త మ్యాపులు తయారుచేస్తారు. ‘డేటా ఫైలు సరిగా మూయలేదు, తనిఖీ జరుగుతోంది’ అనే సందేశం తెర మీద కనిపించడం చాలామందికి తెలిసిందే. ఇలాంటి సర్దుబాట్లు జరిగేది ఆ సమయంలోనే.

ఇక వెర్షన్ మార్పుల సంగతి. 2003 వెర్షన్‌కు ముందు పీఎస్టీలు చోట్లను, గుర్తింపు సంఖ్యలను నాలుగేసి బైట్లలో రాసుకునేవి. ఫైలు పరిమితి 2 జీబీ. 2003లో వాటిని ఎనిమిదేసి బైట్లకు పెంచారు. మామూలు పరిమితి 20 జీబీ అయింది, 2010 వెర్షన్‌తో 50 జీబీ అయింది. తెలుగువాళ్లకు ఈ మార్పులో ఇంకో లాభం ఉంది. పాత తరహా ఫైలు మెయిల్ విషయాన్ని, పేర్లను కంప్యూటర్ సిస్టమ్ కోడ్‌పేజీలో, అంటే ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పే పట్టికను బట్టి, రాసేది. విండోస్‌లో తెలుగుకు అలాంటి కోడ్‌పేజీ లేదు. అందుకే విషయం గడిలో తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోయేవి. కొత్త తరహా ఫైలు యూనికోడ్‌ను వాడుతుంది. అందులో ‘అమ్మ’ అన్నది 5, 12, 46, 12, 77, 12, 46, 12 అనే ఎనిమిది బైట్లు. రెండేసి బైట్లకు అ, మ, పొల్లు, మళ్లీ మ. పైపొర వీటిని అందుకుని అచ్చంగా తిరిగి చూపిస్తుంది.

అయితే కొత్త సాఫ్ట్‌వేర్ వేసినంత మాత్రాన పాత ఫైలు కొత్త తరహాలోకి మారదు. 2003 వెర్షన్ పాత ఫైలును తెరుస్తుంది, అందులో రాస్తుంది, కానీ దాని లోపలి కొలతలు పాతవే. మారాలంటే కొత్త ఫైలు ఒకటి చేసి, మెయిళ్లను అందులోకి తరలించాలి. ఇది తెలియక ‘కొత్త వెర్షన్ వేశాం, ఇక పరిమితి లేదు’ అనుకున్న చోట పాత ఫైళ్లు 2 జీబీ గీత దగ్గరే చిక్కుకున్నాయి. పాత వెర్షన్లలో ఆ గీత దాటిపోయి తెరుచుకోని ఫైళ్ల కోసం మైక్రోసాఫ్ట్ ఒక కత్తిరింపు పనిముట్టు ఇచ్చింది. అది ఫైలుకు ఒక ప్రతి తీసి, దాని తోకను కోసి, మళ్లీ గీత లోపలికి తెస్తుంది. కోసిన చోటి మెయిళ్లు పోతాయి. మిగతావాటిని రిపేరు పనిముట్టు కూర్చుతుంది. కొత్త తరహాలో ఈ అనుభవాన్ని గుర్తుపెట్టుకుని రెండు గీతలు గీశారు. 2010 నుంచి గరిష్ఠ పరిమితి 51,200 ఎంబీ అయితే, కొత్త మెయిళ్లను ఆపేసే గీత 48,640 ఎంబీ. మధ్యనున్న చోటు ఫైలు తన సూచికలను, మ్యాపులను సర్దుకోవడానికి.

పాత వెర్షన్లను మరిచిపోలేదనడానికి ఇంకో గుర్తు ఉంది. ఖాళీ చోటును త్వరగా వెతకడానికి మొదట్లో వాడిన కొన్ని మ్యాపుల పని తరవాత వేరే పేజీకి అప్పగించారు. ఆ పేజీ చోటు 16,896వ బైటు, సరిగ్గా మొదటి కేటాయింపు మ్యాపుకు ముందు. అయినా పాత మ్యాపులను తీసేయలేదు. ఇప్పటికీ వాటి స్థానాల్లో వాటిని నింపి పెడతారు. అవి కనిపించకపోతే పాత సాఫ్ట్‌వేర్ తికమకపడుతుందని.

ఇంత కట్టుదిట్టంగా ఉన్నా ఫైలు చెడే దారులున్నాయి. అప్‌గ్రేడ్ నడుస్తుండగా ఔట్‌లుక్‌ను బలవంతంగా మూసేయడం ఒకటి. ఫైలును నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఉంచి వాడటం ఇంకొకటి. చివర హెడర్ రాయాలన్న వరస నెట్‌వర్క్ తెగినప్పుడు గ్యారంటీగా నిలవదు. మైక్రోసాఫ్ట్ కూడా ఆ వాడకాన్ని సమర్థించదు. మూడోది, డిస్కులో ఎప్పుడో చెడిన చోటు. పదేళ్లుగా ఎవరూ తెరవని మెయిల్ అక్కడ ఉంటే ఎవరికీ తెలియదు. కొత్త వెర్షన్ వచ్చి వెతుకులాట సూచికను మొదటి నుంచి కడుతూ ప్రతి మెయిల్‌నూ చదివినప్పుడు ఆ పాత గాయం బయటపడుతుంది. నింద మాత్రం కొత్త వెర్షన్ మీద పడుతుంది.

ఇక రిపేరు. ఔట్‌లుక్‌తో పాటే వచ్చే స్కాన్‌పీఎస్టీ అనే చిన్న ప్రోగ్రాం ముందు తనిఖీ చేస్తుంది, తప్పులు దొరికితే చెబుతుంది, దిద్దే ముందు పాత ఫైలుకు ప్రతి తీసి పెట్టమంటారా అని అడుగుతుంది. ఏం చూసిందో ఒక లాగ్ ఫైలులో రాస్తుంది. తాళపత్ర గ్రంథాల్లో ప్రతి ఆకు అంచునా పత్రసంఖ్య ఉండేది. తాడు తెగి ఆకులు చెదిరినా ఆ సంఖ్యలను బట్టి గ్రంథాన్ని తిరిగి కూర్చగలిగేవారు. పీఎస్టీలో సూచికలు తాడైతే, ట్రైలర్లు పత్రసంఖ్యలు. సూచిక పేజీలు చెడినా ఫైలును 64 బైట్ల అంచుల మీద వెతుక్కుంటూ పోవచ్చు. ట్రైలర్‌లోని పరిమాణం, ముద్ర, సీఆర్‌సీ మూడూ కలిసిన చోట ఒక అసలైన బ్లాకు దొరికినట్టే. దాని సంఖ్య దానిలోనే ఉంది కాబట్టి బ్లాకుల సూచికను కొత్తగా కట్టవచ్చు. మిగిలిన నోడ్ పద్దుల్లోని తల్లి ఫోల్డర్ సంఖ్యను బట్టి మెయిళ్లు తిరిగి తమ ఫోల్డర్లకు చేరతాయి. ఏ ఫోల్డర్‌దో తేలని వాటిని స్కాన్‌పీఎస్టీ ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అనే ఫోల్డర్‌లో ఉంచుతుంది. ఊహించి ఎక్కడో ఒకచోట తోసేయదు. అనాథగా దొరికినదాన్ని అనాథగానే చూపిస్తుంది.

2010లో మైక్రోసాఫ్ట్ ఈ ఫార్మాట్ వివరాలన్నీ ప్రచురించింది. అంతకు ముందే లిబ్‌పీఎస్టీ, లిబ్‌పీఎఫ్ఎఫ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లను రాసినవాళ్లు బైట్లను ఓపిగ్గా పరిశీలించి దీన్ని చాలావరకు విప్పారు. ఈ రోజు ఔట్‌లుక్ లేని కంప్యూటర్‌లో కూడా పీఎస్టీని చదవగలగడం ఈ రెండు ప్రయత్నాల ఫలం. పాత మెయిళ్లను భద్రపరచాల్సిన గ్రంథాలయాలకు, కోర్టు కేసుల్లో మెయిళ్లను పరిశీలించేవారికి ఇది పెద్ద అండ.

ఈ కట్టుబడి చేయలేని పని కూడా ఒకటుంది. ఏ బ్లాకు చెడిందో సీఆర్‌సీ చెప్పగలదు, అందులో ఏముండేదో చెప్పలేదు. అది ఎనిమిది కేబీ మేర నష్టాన్ని వేలెత్తి చూపి, మిగతా గిగాబైట్లను ఆ నష్టం అంటకుండా వేరు చేస్తుంది. కాబట్టి ఫైలు తెరుచుకోనప్పుడు తొందరపడకుండా వరస పాటించాలి. ముందు ఔట్‌లుక్ మూసి, ఫైలును కంప్యూటర్ సొంత డిస్కు మీదకు ప్రతి తీయాలి. రిపేరు ఆ ప్రతి మీదే నడపాలి. తప్పులు లేవని చెప్పేదాకా మళ్లీ మళ్లీ నడపాలి. ఆ తరవాత కొత్త తరహాలో ఖాళీ ఫైలు చేసి, దొరికిన మెయిళ్లను అందులోకి మార్చుకోవాలి. దిద్దిన ఫైలులోనే ఏళ్ల తరబడి కాపురం పెట్టకూడదు. ఇక అప్‌గ్రేడ్‌కు ముందు రోజే వేరే డిస్కు మీద ఒక ప్రతి ఉంటే, రిపేరుకు చిక్కని ఆ ఎనిమిది కేబీ కూడా అందులో దొరకవచ్చు.